‘నేనే’ అన్న లైను

1998 చివర్లో, మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనంలో అద్దెకు దిగిన ఒక చిన్న కంపెనీ నన్ను సీనియర్ సిస్టమ్స్ అడ్మినిస్ట్రేటర్‌గా నియమించుకుంది. అంతకుముందు విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ రంగ సంస్థలో, కంప్యూటర్ విభాగంలో పనిచేశాను. స్వచ్ఛంద పదవీ విరమణ పథకం రాగానే సంతకం పెట్టి బయటపడ్డాను. కొత్త ఉద్యోగంలో నా చేతి కింద వంద కంప్యూటర్లు ఉండేవని చాలా పెళ్లి పందిళ్లలో చెప్పాను. ఎనిమిదే ఉండేవి. ఇది అచ్చులో పడేది కాబట్టి ఎనిమిదనే రాస్తున్నాను. పేరు ముందు ‘సీనియర్’ ఉండేది గానీ, నా కింద జూనియర్ ఎవరూ లేరు.

కంపెనీ చేసే పని ఇది. చమురు కోసం వెతికేవాళ్లు నేల మీద చిన్న చిన్న పేలుళ్లు జరిపి, లోపలి రాతి పొరలకు తగిలి తిరిగొచ్చే కంపనాలను టేపుల మీద నమోదు చేస్తారు. ఆ టేపులు మాకు వస్తే లెక్కలు కట్టి, భూమి పొరల చిత్రంగా మార్చి ఇచ్చేవాళ్లం. ఒక్క కంప్యూటర్‌కు అప్పగిస్తే వారాలు పట్టే లెక్క. అందుకని ఎనిమిదింటిని తీగలతో కలిపి పని పంచేవాళ్లం. అలా కలిపి కట్టిన గుంపును క్లస్టర్ అంటారు. క్లస్టర్‌కు అప్పగించిన ఒక పూర్తి పని జాబ్. ఆ జాబ్‌లో తన వాటా మోస్తూ ఒక్కో యంత్రం మీద నడిచే ప్రోగ్రాం ప్రాసెస్. ఒక జాబ్‌లోని ప్రాసెస్‌లకు సున్నా నుంచి మొదలుపెట్టి అంకెలు ఇస్తారు, ఆ అంకెను ర్యాంకు అంటారు. విచిత్రం ఏమిటంటే అక్కడ సున్నా ర్యాంకుదే పెత్తనం. మిగతావాటికి పని పంచేది, ఫలితాలు ఏరుకునేది అదే. ఆఫీసులో కూడా సున్నా ర్యాంకు ఒకటి ఉండేది. అది నేను. పెత్తనం మాత్రం లేదు.

ప్రతి ప్రాసెస్ తాను ఏం చేస్తున్నదీ ఎప్పటికప్పుడు ఒక ఫైల్లో వాక్యాలుగా రాస్తూ పోతుంది. అదే లాగ్. ఉదయం ఆఫీసుకు వెళ్లగానే లాగ్ చదవడం నా డ్యూటీ. ఎనిమిది యంత్రాలూ ఒకే ఫైల్లో రాసేవి. ఏ లైను ఎవరు రాశారో ఉండేది కాదు. సమయం, దాని పక్కన వాక్యం, అంతే. ‘ఫైలు తెరిచాను.’ ‘చదువుతున్నాను.’ ‘పూర్తయింది.’ ఎవరు తెరిచారు, ఎవరిది పూర్తయింది అని అడిగితే జవాబు లేదు. పైగా ఎనిమిది యంత్రాల గడియారాలూ ఒకదానితో ఒకటి కలిసేవి కావు. ఒక లైను కింద ఇంకో లైను ఉన్నంత మాత్రాన అది దాని తర్వాతే జరిగిందని చెప్పడానికి లేదు. నాకు మాత్రం చదివి చదివి ఒక రకమైన అలవాటు పడింది. రోజంతా నాతో మాట్లాడేది ఆ లాగ్ ఒక్కటే కాబట్టి అలవాటు పడక తప్పలేదు.

మెషిన్ రూం చల్లగా ఉండాలి. మే నెలలో హైదరాబాదంతా చెమటలు కక్కుతుంటే నేను స్వెటర్ వేసుకుని కూర్చునేవాణ్ని. తలుపు ఎప్పుడూ మూసే ఉంచాలి. నాతో పనిపడ్డవాళ్లు లోపలికి రాకుండా ఫోన్ చేసేవారు. మధ్యాహ్నం క్యారియర్ అక్కడే విప్పుకునేవాణ్ని. కిటికీలోంచి చూస్తే బండరాళ్లు, వాటి మీద మేకలు, దూరంగా సగం వేసిన రోడ్డు కనిపించేవి. మా ఆవిడ కాకినాడలో టీచరు, బదిలీ దొరకలేదు. నేను కొండాపూర్‌లో మేడ మీద గది కిరాయికి తీసుకున్నాను. నా గదిలో ఫోను లేదు. కింద ఇంటివాళ్ల హాల్లో ఉండేది. ఆదివారం ఉదయం మా ఆవిడ అక్కడికి ఫోన్ చేసేది. ఇంటావిడ లక్ష్మమ్మ గారు మెట్ల దగ్గర నిలబడి, “అన్నా, ఫోనొచ్చింది” అని కేకేసేది. నేను దిగి వెళ్లి రిసీవర్ అందుకుంటే అవతల నుంచి ఒకే మాట వినిపించేది. “నేనే.” పెళ్లయిన నాటి నుంచి ఆవిడ తన పేరు నాకు చెప్పుకోవలసిన అవసరం రాలేదు.

మరుసటి ఏడాది ఎండలు ముదిరే రోజుల్లో ఒక చిత్రం చెడిపోయింది. క్లయింటుకు పంపిన పొరల పటంలో, ఆరో యంత్రం వాటాగా రావలసిన చోట, నిలువునా ఒక తెల్లటి పట్టీ వచ్చింది. నేల లోపల కొంత మేర అసలు నేలే లేనట్టు. క్లయింటు పటం వెనక్కి పంపాడు. మా ప్రాజెక్ట్ మేనేజర్ రాఘవరావు గారు లాగ్ తెప్పించుకున్నారు. ఆయన గుంటూరు వైపు మనిషి, నాకన్నా బాగా చిన్నవాడు, నన్ను “మాస్టారూ” అని పిలిచేవారు. పిలుపులో మర్యాద ఉంది, పని చెప్పడంలో ఉండేది కాదు. లాగ్‌లో, సరిగ్గా పని మధ్యలో, ఈ లైను దొరికింది: ‘పాత తాత్కాలిక ఫైలు ఉంది, ఖాళీ చేసి మొదటి నుంచి మొదలుపెడుతున్నాను.’

ఆ వాక్యం సునీతది. అంటే, సునీత రాసిన ప్రోగ్రాం పలికే వాక్యం.

సునీత సంగారెడ్డి అమ్మాయి. వాళ్లమ్మ దవాఖానలో నర్సు. ఎమ్సీయే చేసి, ప్రొబేషన్ మీద చేరింది. ప్రొబేషన్ అంటే గడువులోపు పని నచ్చితే కన్ఫర్మేషన్ ఉత్తరం ఇస్తారు, నచ్చకపోతే నమస్కారం పెడతారు. ఆ అమ్మాయి గడువు ఆ నెలాఖరుతో ముగుస్తుంది. ఆఫీసులో మెషిన్ రూం తలుపు తట్టి లోపలికొచ్చే మనిషి తనొక్కతే. వచ్చేటప్పుడు స్వెటర్ తెచ్చుకునేది. ఆదివారం చర్చిలో పాడే పాటను అప్పుడప్పుడు కూనిరాగంగా తీసేది, ఫ్యాన్ల హోరులో వినిపించదనుకుని. నాకు వినిపించేది.

రాఘవరావు గారు టీం మొత్తానికి ఒక మెయిల్ పంపారు. సునీత రాసిన మాడ్యూల్ మధ్యలో తనంతట తాను మళ్లీ మొదలై, లెక్క ముగిసేదాకా సగం ఫలితాలు దాచుకునే తన తాత్కాలిక ఫైలును తానే ఖాళీ చేసుకుందని, అందువల్ల డెలివరీ చెడిందని, ఆమె కన్ఫర్మేషన్ విషయం విచారణ తర్వాత చూస్తామని అందులో ఉంది. పేరు ఇంటిపేరుతో సహా రాశారు.

సునీత నా దగ్గరికొచ్చింది. ఏడవలేదు, కోపంగా ఉంది.

“సార్, నా ప్రోగ్రాం ఆ మాట ఒక్కసారే అంటది. షురూ అయ్యేటప్పుడు. నడుమల మళ్ల అనదు. ఆ లైను నాది కాదు.”

“మాటలు నీవే కదమ్మా?”

“మాటలు నావే. అన్నది నేను కాదు.”

కోర్టులో అయితే ఈ వాదన నిలవదని నాకు తెలుసు. అచ్చం తన వాక్యమే, అక్షరం తేడా లేకుండా. రాఘవరావు గారికీ ఇదే చెప్పిందట. ఆయన నవ్వి, “మరి ఇంకెవరు అన్నట్టమ్మా, గోడలా?” అన్నారట. నేను నమ్మానా అంటే, నమ్మానని తర్వాత చాలామందికి చెప్పాను. నిజానికి ఆ రోజు సగమే నమ్మాను. మిగతా సగం ఆదివారం దాకా పట్టింది.

ఆదివారం కింద నుంచి లక్ష్మమ్మ గారి కేక వినిపించింది. దిగి రిసీవర్ తీసుకున్నాను. “నేనే” అంది ఆడగొంతు. నేను మొదలుపెట్టాను. పన్ను నొప్పి తగ్గలేదన్నాను. ఇక్కడి పప్పులో పులుపు చాలడం లేదన్నాను. ఆఫీసులో ఒక అమ్మాయి ఉద్యోగం పోయేలా ఉందని, నాకేమీ తోచడం లేదని, మనుషులతో మాట్లాడటం మర్చిపోతున్నానేమో అనిపిస్తోందని చెప్పాను. అవతలి మనిషి ఓపికగా విన్నది. అరగంట మాట్లాడానని అందరికీ చెబుతుంటాను. రెండు నిమిషాలు కూడా ఉండదు. చివరికి అవతల నుంచి మెల్లగా వినిపించింది.

“అన్నా, జర ఆగుండ్రి. నేను మీ ఆమెను కాదు, లక్ష్మక్క చెల్లెను. అక్కకు ఫోనియ్యిండ్రి. పంటికి లవంగం పెట్టుకోండ్రి.”

జరిగింది ఇంతే. అంతకు కాస్త ముందు మా ఆవిడ నిజంగానే ఫోన్ చేసింది, నేను దిగేలోపు లైను తెగిపోయింది. వెంటనే మోగిన రెండో ఫోను ఈ చెల్లెలిది. లక్ష్మమ్మ గారు రిసీవర్ ఎత్తి, అదే ఫోననుకుని, పక్కన పెట్టేసింది. ఆ ఇంట్లో ఆడవాళ్లందరూ ఫోన్లో “నేనే” అనే అంటారు. మా ఇంట్లోనూ అంతే. మాట ఒకటే, మనిషి వేరు. వరసలో పక్కపక్కన వచ్చాయి కాబట్టి ఇద్దరినీ ఒకరనుకున్నాను. లవంగం పెట్టుకుని, సునీత మాటలో మిగతా సగం కూడా నమ్మాను.

సోమవారం సునీతను పిలిచి, ప్రతి లైను ముందూ అది ఎవరు రాశారో ఉండేలా చేద్దామన్నాను. లాగ్ రాసే భాగం అన్ని ప్రోగ్రాములూ కలిసి వాడుకునే ఒకే లైబ్రరీలో ఉండేది. అక్కడ మారిస్తే అన్నిటికీ మారుతుంది. ఏమేం ఉండాలో కాగితం మీద వేసుకున్నాం. మొదట జాబ్ నంబరు, అంటే ఈ ప్రాసెస్ ఏ పని కోసం పుట్టిందో. తర్వాత యంత్రం పేరు. తర్వాత ఆ యంత్రం తన ప్రాసెస్‌కు ఇచ్చుకునే ప్రాసెస్ నంబరు. ప్రాసెస్ నంబరు ఒక్కటీ చాలదు, ఎందుకంటే ప్రతి యంత్రం తన లెక్క తనే పెట్టుకుంటుంది. మూడో యంత్రంలో ఒక నంబరుంటే అదే నంబరు ఏడో యంత్రంలోనూ ఉండవచ్చు. మా వీధిలో పన్నెండో నంబరు ఇల్లు ఉన్నట్టే పక్క వీధిలోనూ ఉంటుంది కదా, అలాగ. చివర ర్యాంకు.

హైదరాబాద్‌లో ఈ పద్ధతి కనిపెట్టింది నేనేనని ఒకటి రెండు సభల్లో అన్నాను. కనిపెట్టడానికి అందులో ఏమీ లేదు. జాబ్‌లను వరుసలో నిలబెట్టి యంత్రాలకు పంపే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది, దాన్ని క్యూ అనేవాళ్లం. క్యూ ప్రతి ప్రాసెస్ చేతిలోనూ దాని జాబ్ నంబరు ముందే పెట్టి పంపుతుంది. ఎవరూ అడగలేదు కాబట్టి అవి చెప్పలేదు. మేము అడిగాం, అంతే. నాలుగు లైన్ల పని. ఆ నాలుగింటిలో ముఖ్యమైనది కూడా నాది కాదు. ప్రాసెస్ దగ్గర జాబ్ నంబరు లేకపోతే ఆ చోటు వదిలేద్దామని నేనన్నాను. సునీత ఒప్పుకోలేదు.

“లేకపోతే లేదని రాయాలె సార్. ఖాళీ విడిస్తే మళ్ల గిదే పరేషాన్.”

అలాగే ‘జాబ్ లేదు’ అని రాసేట్టు చేశాం.

రాఘవరావు గారు ఒప్పుకోవడానికి కొంత బతిమాలవలసి వచ్చింది. లాగ్ బరువెక్కుతుందన్నారు, డిస్కులో చోటు లేదన్నారు. క్లయింటు పని ఎలాగూ మళ్లీ నడపాలి కదా, ఆ ఒక్కసారికి పెట్టుకుంటానన్నాను. సరే కానివ్వండి మాస్టారూ, అన్నారు. నెలాఖరు దగ్గర పడింది. జాబ్ క్యూలో పెట్టాం. మొదటి రోజు గడిచింది. లైన్లన్నీ వరసగా తమ ఊరూ పేరూ చెప్పుకుంటూ వస్తుంటే చదవడానికి ముచ్చటగా ఉంది. ఆ లైను మాత్రం మధ్యలో రాలేదు. సునీత తలుపు దగ్గర నిలబడి నా ముఖం చూసి వెళ్లిపోయేది. తప్పు మళ్లీ జరగాలని ఇద్దరు మనుషులు అంతగా కోరుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

రెండో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చింది.

‘జాబ్ లేదు. యంత్రం ఆరు. పాత తాత్కాలిక ఫైలు ఉంది, ఖాళీ చేసి మొదటి నుంచి మొదలుపెడుతున్నాను.’

మధ్యలో ప్రాసెస్ నంబరు కూడా ఉంది. నేను వెంటనే ఆరో యంత్రంలోకి వెళ్లి ఆ నంబరు ఎవరిదని అడిగాను. యజమాని పేరు ‘డెమో’ అని వచ్చింది.

ఆ రోజుల్లో ఆ భవనాన్ని చూడటానికి జనం వచ్చేవారు. అధికారులు, విదేశీయులు, కాలేజీ పిల్లల బస్సులు. మాకు రిసెప్షన్ పక్కన అద్దాల గది ఒకటి ఉండేది. ఆరో యంత్రం తెర ఆ గదిలో ఉంది. ఎవరైనా వస్తే రాఘవరావు గారు స్వయంగా వెళ్లి, రంగురంగుల భూమి పొరలు తెర మీద కదిలే చిన్న ప్రోగ్రాం నడిపేవారు. సునీత ప్రోగ్రాం పాత ప్రతి ఒకటి తీసుకుని ఎవరో దాన్ని తయారు చేశారు. కనుక దాని మాటలు సునీత మాటలే. అది వాడుకునే తాత్కాలిక ఫైలు పేరు కూడా ఆ పాత పేరే. బొమ్మ కదలడానికి ఫైలు ఖాళీగా ఉండాలి, అందుకని మొదలవగానే ఖాళీ చేసేది. క్లయింటు పని సగంలో ఉండగా చూడవచ్చినవాళ్లకు బొమ్మ చూపించిన ప్రతిసారీ, మా నేలలోంచి ఒక పట్టీ తుడిచిపెట్టుకుపోయేది. క్యూ ద్వారా వెళ్లలేదు కాబట్టి దానికి జాబ్ నంబరు లేదు.

లైను కాగితం మీద తీసి రాఘవరావు గారికి చూపించాను. పక్కన సునీత ఉంది. ఆయన చదివి, నిజాయితీగానే అన్నారు.

“అది డెమో కదండీ మాస్టారూ. జాబ్ ఎలా అవుతుంది?”

ఆ మాటలో మోసం లేదు. మా అందరి లెక్కలోనూ డెమో పని కాదు. నాదీ అదే లెక్క. ఆరో యంత్రం మీద అది ఉందని నాకు తెలుసు. తప్పు ఎక్కడిదా అని వెతికిన ఆ రోజుల్లో ఒక్కసారి కూడా అది నాకు గుర్తుకు రాలేదు.

తాత్కాలిక ఫైళ్ల పేర్లలోనూ జాబ్ నంబరు చేర్చాం. డెమోను వేరే యంత్రం మీదికి మార్చి, జాబ్ మళ్లీ నడిపాం. పటం బాగా వచ్చింది, క్లయింటు తీసుకున్నాడు. నెలాఖరున సునీతకు కన్ఫర్మేషన్ ఉత్తరం కూడా వచ్చింది. అదే రోజు రాఘవరావు గారు టీం అందరికీ రెండో మెయిల్ పంపారు. ‘సాంకేతిక కారణాల వల్ల తలెత్తిన సమస్య పరిష్కరించబడింది.’ అంతే ఉంది అందులో.

సునీత మెషిన్ రూంలోకి వచ్చి కూర్చుంది. ఉత్తరం వచ్చినందుకు మిఠాయి ఏదని అడిగాను. నవ్వలేదు.

“నింద పెట్టేటప్పుడు పేరు పెట్టి రాసిన్రు సార్. తీసేటప్పుడు పేరు లేకుండ రాసిన్రు.”

నేను లేచి వెళ్లి రాఘవరావు గారిని నిలదీశానని చెబుతుంటాను. వెళ్లలేదు. ఆయన గది దాకా నడిచి, లోపల ఎవరో ఉన్నారని నాకు నేనే చెప్పుకుని వెనక్కి వచ్చాను. లోపల ఎవరూ లేరు. వచ్చి నా కుర్చీలో కూర్చుని, ఆయన మెయిల్ కింద రెండు లైన్లు చేర్చాను. మొదటిది లాగ్‌లోని ఆ లైను, జాబ్ లేదన్న మాటతో, యంత్రం పేరుతో, ప్రాసెస్ నంబరుతో సహా. రెండోది నా వాక్యం: ‘ఇది రాసింది డెమో ప్రోగ్రాం, సునీత మాడ్యూల్ కాదు.’ కింద నా పేరు, హోదా, ఉద్యోగి నంబరు వేసి, మొదటి మెయిల్ అందుకున్న అందరికీ పంపాను.

ఎవరూ జవాబు రాయలేదు. సునీత కూడా రాయలేదు. సాయంత్రం వెళ్లేటప్పుడు మెషిన్ రూం తలుపు అద్దం మీద వేలితో ఒకసారి తట్టి వెళ్లింది.

ఆ తర్వాత రాఘవరావు గారు నన్ను మాస్టారూ అనడం మానేశారు. పనులు మెయిల్‌లో చెప్పేవారు. కొన్ని నెలలకు సునీతకు బెంగుళూరులో మంచి ఉద్యోగం వచ్చింది. వీడ్కోలుకు క్యాంటీన్లో కేకు కోశారు. నేను టేపులు మారుస్తూ ఆలస్యంగా వెళ్లేసరికి బల్లలు తుడిచేస్తున్నారు. మెషిన్ రూంలో తన స్వెటర్ మర్చిపోయింది. కొరియర్‌లో పంపించాను. అక్కడ ఇంకా నాలుగేళ్లు పనిచేశాను. తలుపు తట్టి లోపలికొచ్చినవాళ్లు మరి లేరు. లాగ్ మాత్రం ప్రతి ఉదయమూ వచ్చేది, ప్రతి లైను ముందూ ఎవరు రాశారో చెప్పుకుంటూ.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే. యంత్రం ఏం జరిగిందో మాత్రమే చెబితే చాలదు, ఎవరు చేశారో, ఏ పని మీద చేశారో ప్రతి లైనులోనూ చెప్పాలి. తెలియకపోతే తెలియదని అక్కడే రాయాలి. పక్కపక్కన ఉన్న రెండు లైన్లను ఒకరివే అనుకోకూడదు. ఒకరి పేరు పెట్టి నింద రాస్తే, అది తప్పని తేలిన రోజున ఆ పేరు పెట్టే తుడవాలి, కింద రాసినవాడి పేరు ఉండాలి.

ఇప్పుడు ఫోను మోగకముందే తెర మీద పేరు పడుతుంది. అవతలివాళ్లు ఎవరూ తామెవరో చెప్పరు, “నేనే” అని కూడా అనరు. మా ఆవిడ రిటైరై వచ్చి పక్క గదిలోనే ఉంటుంది. అక్కడి నుంచి తలుపు చప్పుడైతే నేను “ఎవరు?” అని అడుగుతాను. అది పాత డ్యూటీ అలవాటు.